ప్రమాదకరమైన చెట్లను అంచనా వేయడం ఎలా నేర్చుకోవాలి? బెంగళూరులో ఉన్నవాళ్లు దారి చెప్పండి

హిందూపురం_హార్టి:

అందరికీ నమస్కారం. బీఎస్సీ హార్టికల్చర్ చేశాను, సర్జాపూర్ రోడ్డు వైపు ఒక పెద్ద అపార్ట్‌మెంట్‌లో తోటపని అంతా నేనే చూస్తాను. లాన్లు, పూల మొక్కలు, డ్రిప్పు, ఎరువులు, ఇవన్నీ నాకు చేతనైన పనులే. సమస్య పెద్ద చెట్లతో. ఈ స్థలం ఒకప్పుడు తోట, బిల్డరు పాత చెట్లు కొన్ని ఉంచేశాడు. నిద్రగన్నేరు మానులు, ఒక రావి, కాంపౌండు పొడుగునా తురాయి చెట్లు. మే నెలలో గాలివాన వచ్చిన సాయంత్రం ఒక తురాయి కొమ్మ విరిగి కార్ల మీద పడింది. అదృష్టం కొద్దీ అక్కడ మనుషులెవరూ లేరు.

మర్నాటి నుంచి వాట్సాప్ గ్రూపులో ఒకటే గొడవ. సగం మంది అన్నీ కొట్టించేయమంటారు, సగం మంది ఒక్క ఆకు ముట్టుకున్నా ఊరుకోమంటారు. చెట్లు కొట్టే కాంట్రాక్టరు వచ్చి కాసేపు పైకి చూసి, అన్నిటికీ తలలు నరికేయాలన్నాడు, కలప కూడా అతనే తీసుకుపోతాడట. ఇప్పుడు సెక్రటరీ సార్ నన్ను ఏ చెట్టు సేఫ్, ఏది కాదు అని ఒక కాగితం రాసి సంతకం పెట్టమంటున్నారు. కాలేజీలో మాకు అంట్లు కట్టడం నేర్పారు, కత్తిరింపులు నేర్పారు. ఇంత మాను రేపటి గాలికి నిలుస్తుందా లేదా అని చూడడం ఎవరూ నేర్పలేదు. రాత్రిపూట వాన మొదలైతే చాలు, నాకు టెన్షన్ పట్టుకుంటోంది.

ఈ పని పద్ధతిగా నేర్చుకోవాలని ఉంది. నెట్‌లో వెతికితే టీఆర్‌ఏక్యూ అని ఒకటి, క్యూటీఆర్‌ఏ అని ఒకటి, చెట్ల రిస్క్ అంచనా వేసే రెండు పద్ధతులు కనబడ్డాయి. నాలాంటివాడికి ఏది సరిపోతుంది? ముందు సర్టిఫైడ్ ఆర్బరిస్ట్ (చెట్ల సంరక్షణలో పరీక్ష పాసైన నిపుణుడు) అవ్వాలా? వీడియోలన్నీ ఓక్, మేపుల్ చెట్ల మీదే ఉన్నాయి, మన తురాయికి, నిద్రగన్నేరుకి అవి పనికొస్తాయా? కోర్సు అయ్యేలోపు ఆ కాగితం మీద ఏమని రాయను?

మాను_మొదలు:

తమ్ముడూ, ముందు కాగితం సంగతి. "ఈ చెట్టు సేఫ్" అని ఎక్కడా రాయకు. ఈ పనిలో శిక్షణ పొందినవాళ్లెవరూ ఆ మాట రాయరు. నిలబడి ఉన్న ప్రతి చెట్టుకీ ఎంతో కొంత రిస్క్ ఉంటుంది. అది ఎంత, ఎంతకాలం వరకు, ఏం చేస్తే తగ్గుతుంది అన్నది చెప్పడం నీ పని. అంత రిస్క్‌ను భరించాలా వద్దా అనేది చెట్టు ఎవరిదో వాళ్లు తేల్చుకోవాలి, అంటే మీ అసోసియేషన్. ఈ రెండూ కలిపేసి నీ నెత్తిన పెట్టారు కాబట్టే నీకు నిద్ర పట్టడం లేదు. నేను టీఆర్‌ఏక్యూ చేశాను, దాన్నుంచి నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఈ విభజనే.

ఇక కోర్సు. టీఆర్‌ఏక్యూ ఇచ్చేది ఐఎస్‌ఏ, ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఆర్బరికల్చర్, అమెరికాలో పుట్టిన సంస్థ. ఈ క్వాలిఫికేషన్ 2013 నుంచి ఉంది. రెండు రోజులు పాఠాలు, తర్వాత ఒక పూట పరీక్ష. అందులో రాతపరీక్ష ఒక భాగం, బయట నిజం చెట్టు ముందు నిలబెట్టి ఫారం నింపించడం ఇంకో భాగం. ఐదేళ్లు చెల్లుతుంది, తర్వాత మళ్లీ చేయాలి. సర్టిఫైడ్ ఆర్బరిస్ట్ అయి ఉంటే నేరుగా తీసుకుంటారు, సంబంధించిన డిగ్రీ ఉన్నవాళ్లకూ దారి ఉంది. నీ డిగ్రీ కాగితాలు జతచేసి డబ్బు కట్టకముందే మెయిల్‌లో అడిగెయ్. నా మాట వింటే మాత్రం ముందు సర్టిఫైడ్ ఆర్బరిస్ట్ పరీక్షకు చదువు. దానికి అనుభవం అడుగుతారు, పాసయ్యాక కూడా మూడేళ్లలో 30 సీఈయూలు (చదువు కొనసాగిస్తున్నట్టు చూపే క్రెడిట్లు) తెచ్చుకోవాలి. కష్టమే, కానీ చెట్టు ఎలా పెరుగుతుందో, గాయమైతే ఏం చేస్తుందో ఆ చదువులోనే వస్తుంది. అది లేకుండా రిస్క్ కోర్సుకు వెళ్తే ఫారం నింపడం వస్తుందే తప్ప చెట్టు అర్థం కాదు.

టీఆర్‌ఏక్యూలో చూపు మూడు స్థాయిలు. ఒకటి, నడుస్తూనో బండిలో మెల్లగా వెళ్తూనో కొట్టొచ్చినట్టు కనిపించే లోపాలు పట్టుకోవడం. రెండోది, ఒక్కో చెట్టు చుట్టూ తిరిగి వేరు మొదలు నుంచి కొన దాకా చూడడం. చేతిలో చెక్క సుత్తి, సన్నటి ఇనుప చువ్వ, బైనాక్యులర్స్ ఉంటే చాలు. మనం చేసే పనిలో ఎక్కువ భాగం ఇదే. మూడోది, పరికరాలతో చేసేది. కాండం చుట్టూ సెన్సర్లు పెట్టి శబ్దం ఎంత వేగంగా దాటుతోందో కొలిచే టోమోగ్రాఫ్, లేదా కొన దగ్గర 3 మిల్లీమీటర్ల వెడల్పుండే సూదిని లోపలికి దింపి చెక్క ఎంత ఎదురు పెడుతోందో గీత గీసే రెసిస్టోగ్రాఫ్. ఖరీదైన పని, అన్ని చెట్లకూ అక్కర్లేదు.

అసలు గుండెకాయ ఇది. అడగాల్సినవి మూడు ప్రశ్నలు: విరుగుతుందా, విరిగితే ఎవరికైనా తగులుతుందా, తగిలితే ఎంత నష్టం. మొదటిదానికి ఇంప్రాబబుల్ (దాదాపు విరగదు), పాసిబుల్ (విరగొచ్చు), ప్రాబబుల్ (విరిగేలా ఉంది), ఇమినెంట్ (ఏ క్షణమైనా విరగొచ్చు) అని నాలుగు మెట్లు. మొదటి రెండు జవాబులను ఒక పట్టికలో కలుపుతారు, వచ్చినదాన్ని నష్టంతో ఇంకో పట్టికలో కలుపుతారు. చివరికి లో, మోడరేట్, హై, ఎక్స్‌ట్రీమ్‌లలో ఒకటి తేలుతుంది. నీ తురాయినే తీసుకో. విరిగేలా ఉన్న పెద్ద కొమ్మ, అంటే ప్రాబబుల్, కింద పిల్లలు స్కూలు బస్సు కోసం పొద్దున్నే గుమిగూడే చోటు అనుకో, రిస్క్ హై దాకా పోవచ్చు. అదే కొమ్మ ఎవరూ నడవని పొదల మీద వాలి ఉంటే లో. కొమ్మ మారలేదు, లోపం మారలేదు, కింద ఉన్నది మారింది. అందుకే బస్సు ఆగే చోటును పక్కకు జరపడం కూడా చెట్టుకు చేసే వైద్యమే. మన ఊళ్లో ఈ మాట చెప్పేవాళ్లే లేరు. కొట్టేవాడికి కలప కావాలి, నివాసులకు భయం పోవాలి, చెట్టు కిందికి చూసేవాళ్లు ఉండరు.

క్యూటీఆర్‌ఏ బ్రిటన్‌ది. దాంట్లో మాటలకు బదులు అంకెలు ఉంటాయి. కింద మనుషులుండే అవకాశం, విరిగే ముక్క సైజు, విరిగే అవకాశం, ఈ మూడింటినీ గుణించి ఏడాదికి ఇన్ని వేలలో ఒకటి అని తేలుస్తారు. 10,000లో ఒకటి దాటితే చర్య తీసుకోవాల్సిందే అన్నట్టు ఉంటుంది లెక్క. చక్కటి పద్ధతి. కానీ బ్రిటన్‌లో చెట్టు పడి చనిపోయే అవకాశం ఏడాదికి కోటిలో ఒకటి కంటే తక్కువ, ఆ దేశపు నేల మీద పుట్టిన అంకెలవి. టూవీలర్లు చెట్టు కిందే ఆగే, వేర్ల మీదే డ్రెయిన్ తవ్వే ఊళ్లో కొత్తవాడు ఆ అంకెలు పట్టుకుంటే తప్పుడు ధీమా వస్తుందని నా భయం. నువ్వు టీఆర్‌ఏక్యూతో మొదలుపెట్టు, ఆ ఫారం నిన్ను చెట్టు చుట్టూ తిప్పుతుంది.

తాడు_రంపం:

మాది మదనపల్లె, బెంగళూరులో చెట్లెక్కి కొమ్మలు దించే పని. అన్న చెప్పినదంతా నిజం, పైన తాడు మీద వేలాడేవాడిగా నేను కొంచెం కలుపుతా.

కోర్సు ఎప్పుడైనా చెయ్యి బ్రదర్, కానీ ఈ వానాకాలమే నీ అసలు బడి. మీ చుట్టుపక్కల చెట్టు పడిందని, కొడుతున్నారని తెలిస్తే వెళ్లి నిలబడు. కోసిన ముఖం చూడు. పుచ్చు ఎక్కడ మొదలైంది, ఎంత పైకి పాకింది, బయట బెరడు మీద దానికి గుర్తు ఏదైనా కనబడేదా, అది చూసుకో. పడిన చెట్టయితే వేర్లు చూడు. ఒక పక్క వేర్లు ఉండవు, నున్నగా తెగి ఉంటాయి, పక్కనే పైపులైనో కేబులో వేసిన గాడి ఉంటుంది. పెద్ద చెట్లకైనా వేర్లు ఎక్కువ భాగం పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి, జేసీబీ ఒక్క గాడి తీస్తే ఒక వైపు పట్టు మొత్తం పోతుంది. ఆ తర్వాత కూడా చెట్టు పచ్చగా, పూలు పూస్తూనే ఉంటుంది. ఆకు పచ్చగా ఉంది కదా అని నమ్మొద్దు.

తురాయికి, పచ్చతురాయికి మొదట్లో గానోడెర్మా చూడాలి. మొదలు దగ్గర, మట్టికి జానెడు పైన, అర పళ్లెంలా బయటికి వచ్చిన గట్టి పుట్టగొడుగు. పైన ఎర్రటి గోధుమ రంగు, వార్నిష్ వేసినట్టు మెరుస్తుంది, పెరిగేటప్పుడు అంచు తెల్లగా ఉంటుంది. కింద ఆకుల మీద, రాళ్ల మీద కోకో రంగు పొడి పడి ఉంటుంది. తోటమాలి శుభ్రంగా ఉంటుందని దాన్ని తన్ని పడగొట్టేస్తాడు, అప్పుడు గుర్తు పోతుంది, రోగం లోపలే ఉంటుంది. కాబట్టి మీ మాలీలకు ముందే చెప్పి పెట్టు. అది కనిపిస్తే మొదట్లో రెండు వేర్ల మధ్య సందులో చువ్వ పెట్టి నొక్కు. మంచి చెక్కయితే ఆగుతుంది, పుచ్చిందయితే చేతికి ఏమీ తెలియకుండా లోపలికి దిగిపోతుంది. సుత్తితో చుట్టూ కొట్టుకుంటూ వెళ్లినా తెలుస్తుంది, గట్టి చోట టక్కుమంటుంది, డొల్ల చోట బోలుగా మోగుతుంది.

తలలు నరికే సంగతి. దయచేసి ఒప్పుకోవద్దు. నరికిన చోట గుత్తులు గుత్తులుగా కొత్త కొమ్మలు వస్తాయి. అవి మామూలు కొమ్మల్లా లోపలి చెక్కతో కలిసి పుట్టినవి కావు, పై పొర మీదే అతుక్కుని ఉంటాయి. కింద నరికిన మొద్దు పుచ్చుతుంటుంది, పైన ఇవి బరువెక్కుతుంటాయి. నాలుగైదేళ్లకు అవే ఊడిపడతాయి. నేను దించిన ప్రమాదకరమైన కొమ్మల్లో చాలా భాగం ఎప్పుడో ఎవరో తల నరికిన చెట్లవే. కొమ్మ తీయాల్సి వస్తే మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే కాలర్ వదిలి దాని బయట కోయాలి, తారు, పెయింటు పూయకూడదు. చెట్టు గాయాన్ని మాన్పుకోదు, చుట్టూ గోడ కట్టుకుని అక్కడితో ఆపుకుంటుంది. అలెక్స్ షైగో అనే అమెరికా శాస్త్రవేత్త వేలకొద్దీ చెట్లు కోసి చూసి చెప్పిన సంగతి ఇది. కాలర్ కోసేస్తే ఆ గోడ కట్టుకునే చోటే పోయినట్టు.

జయనగర్_లక్ష్మి:

అందరూ కోర్సు గురించే చెబుతున్నారు, నేను అవతలి వైపు నుంచి అడుగుతాను. మా వీధి చెట్ల కోసం చాలా కాలంగా తిరుగుతున్నదాన్ని. ఆ సర్టిఫికెట్‌ను ఇక్కడ ఎవరు లెక్కలోకి తీసుకుంటారు? కర్ణాటకలో 1976 నాటి చెట్ల సంరక్షణ చట్టం ఉంది. సొంత కాంపౌండులో చెట్టయినా కొట్టాలంటే ట్రీ ఆఫీసర్ అనుమతి కావాలి. ఆయన వచ్చి చూస్తారు, ఆయనకు తోచింది రాస్తారు. అమెరికా ఫారం చూపిస్తే చదువుతారా? ఇంకో మాట, అక్కడి చెట్లు చూసి తయారుచేసిన "ప్రాబబుల్" మన తురాయికి ఎలా సరిపోతుంది బాబూ?

అయినా హార్టి గారూ, చట్టం తెలుసుకోకుండా మాత్రం రంపం పెట్టనివ్వకండి. కాంట్రాక్టరు "నేను చూసుకుంటా" అంటాడు, రేపు నోటీసు మీ అసోసియేషన్‌కే వస్తుంది. పాత నగరపాలిక బీబీఎంపీ స్థానంలో 2025 సెప్టెంబరు నుంచి జీబీఏ (గ్రేటర్ బెంగళూరు అథారిటీ) కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి, మీ ప్రాంతం దేని కిందకు వస్తుందో, ట్రీ ఆఫీసర్ ఎవరో ముందు కనుక్కోండి.

మాను_మొదలు:

లక్ష్మి గారూ, మీరన్నది న్యాయమైన ప్రశ్న. ట్రీ ఆఫీసర్ అనుమతికి ఈ ఫారం బదులు కాదు, ఎప్పటికీ కాదు. కానీ ప్రాణానికి, ఆస్తికి ప్రమాదం అనేది ఆ చట్టం ప్రకారం అనుమతికి ఒక కారణం. ఆ ప్రమాదం ఎక్కడుందో చూపించే కాగితం మన దగ్గర ఉంటే మాట నిలుస్తుంది. "చెట్టు భయంగా ఉంది" అని రాసిన అర్జీ ఒక రకం. మొదట్లో తూర్పు వైపు ఇంత ఎత్తున పుచ్చు, చువ్వ ఇంత లోతు దిగింది, కింద నడక దారి, ఏడాది లోపు విరిగే అవకాశం ఇంత, ఈ ఒక్క కొమ్మ తీస్తే రిస్క్ ఇంతకు దిగుతుంది, ఇవిగో తేదీతో ఫోటోలు అని రాసిన అర్జీ ఇంకో రకం. రెండో కాగితం చాలాసార్లు చెట్టు కొట్టకుండా కాపాడుతుంది కూడా, ఎందుకంటే అందులో కొమ్మ పేరు ఉంటుంది, మొత్తం చెట్టు పేరు ఉండదు.

మన జాతుల మాట నిజమే. చెక్క, బరువు, గాలి, వీటి సూత్రాలు ఎక్కడైనా ఒకటే, జర్మనీలో క్లాస్ మాథెక్ చెట్టు ఆకారాన్ని చదవడం మీద కట్టిన వీటీఏ పద్ధతి ఇక్కడి రావిచెట్టు ముందూ పనిచేస్తుంది. కానీ ఏ జాతి ఎలా విరుగుతుందో మన ఊరే నేర్పాలి. దానికి తాడు_రంపం లాంటివాళ్ల పక్కన నిలబడటమే మార్గం. మల్లేశ్వరంలో ఐడబ్ల్యూఎస్‌టీ ఉంది, చెక్క మీద పనిచేసే కేంద్ర సంస్థ, వాళ్ల శిక్షణ కార్యక్రమాల మీద కూడా కన్నేసి ఉంచు తమ్ముడూ.

అడయార్_తెలుగోడు:

చెన్నై నుంచి రెండు మాటలు. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను వచ్చినప్పుడు మా వీధుల్లో తురాయి, పచ్చతురాయి, నిద్రగన్నేరు చెట్లు వరసగా పడిపోయాయి. అప్పటి నుంచి "బయటి చెట్లు పడతాయి, మన చెట్లు పడవు" అనే మాట బాగా పాకింది. అది పూర్తిగా నమ్మకండి. మొదలు దాకా సిమెంటు పోసి, పాది లేకుండా చేసి, ఒక పక్క వేర్లు తెంచితే వేప కూడా పడుతుంది. ఢిల్లీ చెట్ల కేసులో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే మొదలు చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తీసేయమని ఆదేశించింది. మీ అపార్ట్‌మెంట్‌లో టైల్స్ ఎంత దగ్గరికి వచ్చాయో చూసుకోండి.

ఇంకోటి, కోర్సు చేసినవాళ్లు కూడా గుర్తుంచుకోవాల్సింది. సింగపూర్ బొటానిక్ గార్డెన్స్‌లో 2017 ఫిబ్రవరిలో 40 మీటర్ల ఎత్తున్న టెంబుసు చెట్టు వేళ్లతో సహా పడి ఒకావిడ చనిపోయింది. 270 ఏళ్లు దాటిన వారసత్వ వృక్షం, అంత శ్రద్ధగా చూసుకునే ఊరు, అంతకు ముందు సెప్టెంబరులోనే పరిశీలించి బాగుందన్నారు. కుళ్లు మట్టి కింద వేర్లలో ఉంది. పైకి కనిపించనిది పైచూపుకి దొరకదు. అందుకే రిపోర్టులో ఏం చూశామో దాంతో పాటు ఏం చూడలేకపోయామో కూడా రాయాలి.

హిందూపురం_హార్టి:

అందరికీ చాలా థాంక్స్. మీరు చెప్పినట్టు సుత్తి, చువ్వ పట్టుకుని తిరిగాను. రెండు చెట్ల దగ్గర ఆగిపోయాను. ఒకటి పిల్లల ఆటస్థలం పక్కన నిద్రగన్నేరు, మనిషి భుజం ఎత్తులో పెద్ద తొర్ర ఉంది, రామచిలుకలు ఉంటాయి. గ్రూపులో అందరూ మొదట కొట్టమనేది దాన్నే. రెండోది బేస్‌మెంట్ ర్యాంప్ పక్కన తురాయి. చూడ్డానికి నిండుగా, అందంగా ఉంటుంది, దాని మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. కానీ ర్యాంప్ గోడ మొదలుకు మూరెడు దూరంలో ఉంది, చెట్టుకు గోడ లేని వైపు మట్టిలో చీలిక కనబడింది. ఇక్కడ ఏమని రాయాలి?

మాను_మొదలు:

ఫోటో చూసి, మాట విని రేటింగ్ ఇవ్వడం తప్పు, ఇవ్వను. దేన్ని ముందు చూడాలో మాత్రం చెబుతా. నిద్రగన్నేరు తొర్ర గురించి: డొల్ల అంటే బలహీనం అని కాదు. మాథెక్ చెప్పిన ఒక కొలత ఉంది, చుట్టూ మిగిలిన గట్టి చెక్క మందం కాండం వ్యాసార్ధంలో మూడో వంతుకు దగ్గరగా ఉంటే చాలా చెట్లు నిలబడతాయి. 60 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న కాండానికి చుట్టూ 10 సెంటీమీటర్ల మంచి చెక్క ఉంటే చాలన్నమాట. దీని మీద వాదనలున్నాయి, తొర్ర నోరు వెడల్పయితే లెక్క మారుతుంది, కాబట్టి దీన్ని తీర్పుగా వాడకు, తొర్రను చూడగానే రంపం కోసం పరిగెత్తనివ్వకుండా వాడుకో. పిల్లలు ఆడే చోటు కాబట్టి ఒక్కసారి టోమోగ్రాఫ్ చేయించమని రాయి, ఒక్క చెట్టుకే కాబట్టి అసోసియేషన్‌కు భారం కాదు.

నాకు కంగారు కలిగించేది ఆ తురాయి. ఒక పక్క వేర్లు లేవు, రెండో పక్క మట్టి చీలింది, అంటే మొదలు కదులుతోందేమో. గాలి వచ్చినప్పుడు దూరంగా నిలబడి మట్టి లేస్తోందా చూడు, దగ్గరికి వెళ్లొద్దు. ఈరోజే చేయాల్సింది, ఆ చెట్టు ఎత్తుకు సమానమైన దూరం వరకు కింద పార్కింగ్ ఆపించి, నడక దారికి తాడు కట్టించు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తర్వాత ఫోటోలు, తేదీతో ట్రీ ఆఫీసర్‌కు అర్జీ పెట్టండి, అర్జంటు అని రాసి. కాగితంలో నీ చదువేమిటో, ఏ పరికరాలతో చూశావో, ఎంత ఎత్తు వరకు చూడగలిగావో నిజాయితీగా రాయి. "ఈ తేదీన కనిపించింది ఇది" అనే మాటతో మొదలుపెట్టి సంతకం పెట్టు.

తాడు_రంపం:

ర్యాంప్ తురాయి పైకి ఎక్కే పనివాళ్లను ఎవర్నీ ఒప్పుకోవద్దు బ్రదర్. మొదలు కదిలే చెట్టు మీద తాడు వేయకూడదు, లిఫ్ట్ బండి పెట్టుకుని చేయాలి. నేను శనివారం ఆ వైపే వస్తున్నా, సాయంత్రం ఆగి చూస్తా.

హిందూపురం_హార్టి:

తాడు కట్టించాను అన్నా, పార్కింగ్ ఆపినందుకు ఇద్దరు గొడవపడ్డారు కానీ సెక్రటరీ సార్ నా వైపు నిలబడ్డారు. అర్జీ డ్రాఫ్ట్ ఈ రాత్రికి ఇక్కడ పెడతాను, లక్ష్మి గారూ, మీరు ఒకసారి చూసి పెట్టండి. ఐఎస్‌ఏకి కూడా మెయిల్ పంపాను.